దిద్దుబడింది ఎవరు? ఒక కథ, కొన్ని విమర్శ పద్ధతులు

సాహిత్య సిద్ధాంతం అనే మాట వినగానే మనలో చాలామందికి పరీక్షలో రాయవలసిన పేర్ల పట్టీ గుర్తుకు వస్తుంది. రూపవాదం, నిర్మాణవాదం, మార్క్సిస్టు విమర్శ, స్త్రీవాద విమర్శ, వలసానంతర విమర్శ. ఒక్కొక్కదానికి ఒక నిర్వచనం, ఇద్దరు విమర్శకుల పేర్లు, ఒక సంవత్సరం. బట్టీ పడితే మార్కులు వస్తాయి. కానీ అలా చదివినవాళ్ళ చేతికి ఒక చిన్న కథ ఇచ్చి "చదివి ఏమనిపించిందో చెప్పు" అంటే, ఆ పేర్లలో ఒక్కటీ సాయానికి రాదు. కథ ఒక పక్క, సిద్ధాంతం ఒక పక్క ఉండిపోతాయి.

మేము ఈ వ్యాసంలో ఆ రెండింటినీ ఒకచోట కూర్చోబెట్టాలనుకుంటున్నాం. సిద్ధాంతం అంటే మా దృష్టిలో ఒక ప్రశ్న. మనకు మామూలుగా తట్టని ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు కథలోని మాటల్లోనే దొరకాలి. దొరక్కపోతే ఆ ప్రశ్న ఈ కథకు పనికిరాదని పక్కన పెట్టాలి. ఇంతకు మించి పెద్ద రహస్యం ఏమీ లేదు. దీన్ని పరీక్షించడానికి అందరికీ అందుబాటులో ఉన్న కథ ఒకటి తీసుకుందాం. గురజాడ అప్పారావు రాసిన ‘దిద్దుబాటు’. 1910లో ‘ఆంధ్రభారతి’ పత్రికలో వచ్చింది. కొన్ని పేజీలే. అరగంటలో రెండుసార్లు చదవవచ్చు.

కథ తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాం. గోపాలరావు చదువుకున్నవాడు. సంఘ సంస్కరణ గురించి సభల్లో మాట్లాడేవాడు. ఈ మధ్య రాత్రుళ్ళు సాని పాట వినడానికి పోతూ, ఇంట్లో మాత్రం మీటింగులకు వెళ్తున్నానని చెబుతున్నాడు. ఒకనాడు అర్ధరాత్రి దాటాక ఇంటికి వస్తే భార్య కమలిని మంచం మీద లేదు. నౌకరు రాముణ్ణి లేపి అడిగితే వాడికేమీ తెలియదు. బల్ల మీద ఒక ఉత్తరం కనబడుతుంది. మీరు చెప్పేవి అబద్ధాలని నా స్నేహితురాళ్ళ వల్ల తెలిసింది, నేను ఇంట్లో ఉండబట్టే కదా మీకు అబద్ధమాడవలసి వస్తోంది, పుట్టింటికి పోతున్నాను అని దాని సారాంశం. గోపాలరావు కుంగిపోతాడు. తన తప్పు ఒప్పుకుంటాడు. కమలినిని వెనక్కి తీసుకురమ్మని రాముడికి పాఠం చెబుతాడు. వాడు తన ధోరణిలో ఆ పాఠాన్ని అప్పజెబుతుండగా మంచం కింద నుంచి నవ్వు, గాజుల చప్పుడు వినబడతాయి. కమలిని ఎక్కడికీ పోలేదు.

ఈ కథ మీద మనం సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న ‘రచయిత ఏం చెప్పదలచుకున్నాడు?’ అన్నది. జవాబు కూడా సిద్ధంగా ఉంటుంది. గురజాడ గొప్ప సంస్కర్త, స్త్రీ విద్యను సమర్థించాడు, చదువుకున్న భార్య భర్తను దారిలో పెట్టగలదని చూపించాడు. ఇది తప్పు జవాబు కాదు. కానీ ఇక్కడితో ఆగిపోతే కథ చదవనక్కర్లేదు, రచయిత జీవిత చరిత్ర చదివితే చాలు. ఇరవయ్యో శతాబ్దపు విమర్శలో మొదటి పెద్ద తిరుగుబాటు ఈ అలవాటు మీదే వచ్చింది. కేంబ్రిడ్జిలో ఐ.ఎ. రిచర్డ్స్ కవుల పేర్లు తీసేసి పద్యాలు మాత్రమే విద్యార్థుల చేతికిచ్చి, వాళ్ళు రాసిన అభిప్రాయాలను పరిశీలించి 1929లో ‘ప్రాక్టికల్ క్రిటిసిజం’ అనే పుస్తకం వేశాడు. పేరు లేకపోయేసరికి, పేరున్న కవి పద్యాన్ని తీసిపారేసినవాళ్ళూ, సాదా పద్యాన్ని మెచ్చుకున్నవాళ్ళూ బయటపడ్డారు. 1946లో విమ్సాట్, బియర్డ్స్‌లీ అనే ఇద్దరు అమెరికన్ విమర్శకులు ఇంకొంచెం ముందుకు వెళ్ళారు. రచయిత ఉద్దేశం మనకు దొరకదు, దొరికినా రచనకు అది కొలబద్ద కాదు అన్నారు. 1967లో రోలాఁ బార్త్ ఏకంగా రచయిత మరణాన్నే ప్రకటించాడు. ఆ మాట వినగానే కోపం తెచ్చుకోనక్కర్లేదు. అర్థం ఇచ్చే హక్కు ఒక్క రచయిత దగ్గరే ఉండిపోకూడదు, చదివేవాడికీ పని ఉంది అని దాని భావం.

సరే, గురజాడ పేరు కాసేపు మరిచిపోయి మాటలు మాత్రమే చూద్దాం. రూపవాదులు చేసే పని ఇది. ఏం చెప్పారన్నది వదిలి, ఎలా చెప్పారని అడుగుతారు. ఈ ప్రశ్నతో చూస్తే ‘దిద్దుబాటు’లో మొదట చెవిన పడేది భాష. ఇంత చిన్న కథలో ఒకటి కాదు, కనీసం మూడు తెలుగులు ఉన్నాయి. గోపాలరావు మాట్లాడేది చదువుకున్న పట్నవాసి వాడుక భాష, మధ్య మధ్య సంస్కృతం, ఇంగ్లీషు మెరుపులతో. రాముడిది ఉత్తరాంధ్ర పల్లె పలుకు. కమలిని ఉత్తరం మాత్రం గ్రాంథికంలో ఉంటుంది. మొదటిసారి చదివినప్పుడు దీన్ని దాటుకుని పోతాం. రెండోసారి చదివేటప్పుడు అడగాలి, ఇంట్లో మామూలుగా మాట్లాడే భార్య భర్తకు గ్రాంథికంలో ఎందుకు రాసింది?

మాకు తోచిన జవాబు ఇది. గ్రాంథికం ఆనాటి చదువు భాష. ఆమెకు అది వచ్చు అని చూపడానికి అదే సాక్ష్యం. పైగా అది దూరపు భాష. మొగుడూ పెళ్ళాల మధ్య ఉండే చనువును ఆ భాష తుడిచేస్తుంది. సంబోధన కూడా అందుకు తగ్గట్టే మారింది. ‘ప్రియా’ అని ఉండవలసిన చోట ‘అయ్యా’ అని ఉంటుంది. గోపాలరావుకు ముందు గుచ్చుకునేది ఆ ఒక్క మాటే. ఉత్తరంలోని అభియోగం తరవాత సంగతి. ఇక్కడే కథలో అందరినీ నవ్వించే ఘట్టం వస్తుంది. ‘ప్రియ’ పోయిందని యజమాని బాధపడుతుంటే రాముడికి అది ‘పెయ్య’ అని వినబడుతుంది. దూడ తప్పిపోయిందా అని అడుగుతాడు. హాస్యం కోసమే పెట్టినట్టుంటుంది. కానీ ఒకే గదిలో ఉన్న ఇద్దరు తెలుగువాళ్ళకు ఒకరి మాట ఒకరికి అర్థం కాకపోవడం వట్టి హాస్యమేనా? ఈ ప్రశ్నను ఇక్కడ వదిలేస్తున్నాం. కాసేపట్లో మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

మనలో కొందరు తెలుగు రాష్ట్రాల బయట పెరిగినవాళ్ళు. వాళ్ళకు రాముడి మాటలు అచ్చులో చూస్తే తప్పుల తడకలా కనబడతాయి. పైకి చదివించి వినండి, వీలైతే శ్రీకాకుళం, విజయనగరం వైపు బంధువులున్నవాళ్ళ చేత. అది తప్పుల తెలుగు కాదు, ఒక ప్రాంతపు నిండైన తెలుగు అని రెండు వాక్యాలకే తెలిసిపోతుంది. సిద్ధాంతం కన్నా ముందు చెవి అవసరం అని మేము అనేది ఇందుకే.

రూపవాదుల నుంచి ఇంకొక్క ప్రశ్న అప్పు తీసుకుందాం. కథను ఎవరి కళ్ళతో చూస్తున్నాం? చెప్పేది ప్రథమ పురుషలో చెప్పే కథకుడే అయినా, మనం మొదటి నుంచి చివరి దాకా గోపాలరావు పక్కనే ఉంటాం. అతను చీకట్లో తడుముకుంటే మనమూ తడుముకుంటాం. అతనికి తెలియనిది మనకూ తెలియదు. మంచం కింద కమలిని ఉందన్న సంగతి అతనితో పాటే మనకూ తెలుస్తుంది. అదే కథను కమలిని వైపు నుంచి చెబితే ఏమవుతుందో ఊహించండి. మంచం కింద నక్కి, మొగుడు ఏం చేస్తాడో వింటున్న ఆడమనిషి కథ అవుతుంది. నవ్వు మొదటి వాక్యం నుంచే మొదలవుతుంది, చివర విస్మయం ఉండదు. ఇలా మార్చి రాసి చూడడం మంచి కసరత్తు. ఒక పేజీ రాస్తే చాలు, దృష్టికోణం అనే పారిభాషిక పదం నిర్వచనం లేకుండానే తలకెక్కుతుంది.

ఇక ఆ నవ్వు సంగతి. గోపాలరావు పశ్చాత్తాపానికి కమలిని మాటల్లో జవాబివ్వదు. క్షమించానని అనదు, ఇంకోసారి చెయ్యొద్దని అనదు. నవ్వుతుంది, అంతే. ఆ నవ్వుకు అర్థం ఏమిటి? క్షమాపణా? గెలుపా? వెక్కిరింపా? లేక భర్త నాటకం, తన నాటకం రెండూ చూసి వచ్చిన నవ్వా? పాఠక ప్రతిస్పందన విమర్శ అనే పద్ధతి ఇలాంటి ఖాళీల దగ్గర పనికొస్తుంది. జర్మన్ విమర్శకుడు వోల్ఫ్‌గాంగ్ ఈజర్ రచనలో వదిలిన ఖాళీలను పాఠకుడు నింపుకుంటూ పోతాడని అన్నాడు. మన దేశంలో ఇదే చోటును మరో దారిలో ఎప్పుడో చేరుకున్నారు. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరానికి చెందిన ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’లో, చెప్పిన అర్థం వెనక మోగే చెప్పని అర్థమే కావ్యానికి ప్రాణమన్నాడు. రెండూ ఒకటే అని మేము అనడం లేదు. ఈజర్ పాఠకుడు ఖాళీని తానే నింపుతాడు. ఆనందవర్ధనుడి సహృదయుడు కవి మోగించినదాన్ని అందుకుంటాడు. కానీ మన విద్యార్థులు జర్మన్ పేరును నోట్సులో రాసుకుని, ఇంటి పక్క పేరును సంస్కృత పాఠానికి వదిలేయడం మాత్రం మాకు నచ్చదు. కమలిని నవ్వును ధ్వనిగా చదివి చూడండి, ఖాళీగా కూడా చదివి చూడండి. రెండు పఠనాలూ ఒకే చోటికి చేరవు. తేడా ఎక్కడ వచ్చిందో గమనించడమే పాఠం.

ఇప్పుడు కథ పేరు దగ్గరికి వద్దాం. దిద్దడం అన్న క్రియ తెలుగులో భలే క్రియ. పలక మీద అక్షరాలు దిద్దుతాం. బొట్టు దిద్దుకుంటాం. తప్పు దిద్దుతాం. ఈ కథలో దిద్దింది భార్య, దిద్దుబడింది భర్త. 1910 నాటికి ఇది తలకిందుల వ్యవహారం. అప్పటి సంస్కరణ సాహిత్యంలో చాలాచోట్ల పురుషుడు గురువు, స్త్రీ శిష్యురాలు. భార్యకు చదువు చెప్పించి ఆమెను దిద్దేది భర్త. ఇక్కడ ఆ బలపం చేతులు మారింది. స్త్రీవాద విమర్శ మొదట చూసేది ఇదే, అధికారం ఎవరి చేతిలో ఉంది, ఏ క్షణంలో మారింది అని.

కానీ ఆ పద్ధతి ఇక్కడితో తృప్తి పడదు. మరికొన్ని ప్రశ్నలు వేస్తుంది. కమలినికి కథలో ఎంత చోటుంది? ఒక ఉత్తరం, ఒక నవ్వు. మిగతా అంతా మగవాళ్ళిద్దరి మాటలే. ఆమె నిజంగా పుట్టింటికి వెళ్ళిపోయి ఉంటే కథ ఏమై ఉండేది? ఆమె తల్లిదండ్రులు ఉండనిచ్చేవారా, మర్నాడే బండి ఎక్కించి పంపేవారా? కథ ఆ దారిన పోకుండా మంచం కిందే ఆగిపోయింది. వెళ్ళిపోవడం బెదిరింపుగా మాత్రమే ఉంది, నవ్వుతో అది సర్దుకుపోయింది. 1879లో ఇబ్సెన్ రాసిన ‘ఎ డాల్స్ హౌస్’ నాటకంలో నోరా తలుపు వేసుకుని నిజంగానే బయటికి వెళ్ళిపోతుంది. రెంటినీ పక్కపక్కన పెట్టి మనవాళ్ళు వెనకబడ్డారని తీర్పు చెప్పడం తేలిక. అలా చెప్పకుండా, ఇక్కడ ఒక స్త్రీ వెళ్ళలేకపోవడానికి ఆ ఇంటి చుట్టూ ఏమేం ఉన్నాయో అడగడం కష్టం. కష్టమైన ప్రశ్నే అడగాలి. అలాగే ఉత్తరంలోని ఒక చిన్న వివరం మీద కూడా ఆగాలి. భర్త అబద్ధాల సంగతి ఆమెకు స్నేహితురాళ్ళ వల్ల తెలిసింది. కథలో ఎక్కడా కనబడని ఆ ఆడవాళ్ళు వార్త చేరవేశారు. ఉత్తరం వెనక ఒక మాటల దారి ఉంది.

స్త్రీవాద విమర్శ ఇంకో పని కూడా చేసింది. చేతిలో ఉన్న పుస్తకాన్ని మళ్ళీ చదవడంతో ఆగకుండా, చేతిలో లేని పుస్తకాలను వెతికింది. ‘దిద్దుబాటు’ను చాలాకాలం తెలుగులో తొలి ఆధునిక కథగా చెప్పుకున్నాం. తరవాత పరిశోధకులు భండారు అచ్చమాంబ కథలను ముందుకు తెచ్చారు. ఆమె ‘ధనత్రయోదశి’ 1902లోనే ‘హిందూ సుందరి’ పత్రికలో వచ్చింది. భర్త ప్రలోభానికి లోనై యజమాని సొమ్ము ఇంటికి తెచ్చిన వేళ, భార్య ఒప్పుకోక దాన్ని తిప్పి పంపించే కథ అది. అంటే, దిద్దే భార్య గురజాడ కన్నా ఎనిమిదేళ్ళ ముందే తెలుగు కథలో ఉంది. ఆమెను రాసింది ఒక స్త్రీ. ‘ధనత్రయోదశి’ ఆధునిక కథేనా, దానిలో శిల్పం ఎంత అనే చర్చ ఇప్పటికీ ఉంది. మా ఉద్దేశంలో ‘మొదటిది ఏది’ అనే పందెం కంటే, ఇన్నాళ్ళూ ఆ కథ ఎందుకు కనబడలేదనే ప్రశ్న విలువైనది. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో 1991లో మొదటి సంపుటం వెలువడిన ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ ఇలా మరుగున పడిన రచనలను పదకొండు భారతీయ భాషల నుంచి వెతికి తెచ్చింది. సిద్ధాంతం ఒక్కోసారి గ్రంథాలయంలో దుమ్ము దులిపే పని కూడా చేస్తుందన్నమాట.

ఇందాక వదిలేసిన రాముడి దగ్గరికి వెళ్దాం. భార్య కనబడకపోయేసరికి గోపాలరావు నిద్రపోతున్న రాముణ్ణి లేపి కొడతాడు. వెంటనే నొచ్చుకుని లేవనెత్తుతాడు. చదివేటప్పుడు మన దృష్టి భార్య ఏమైందన్న దాని మీద ఉంటుంది కాబట్టి ఆ దెబ్బ మనకు తగలదు. మార్క్సిస్టు విమర్శ అక్కడ ఆగమంటుంది. ఈ ఇంట్లో ఎవరు పని చేస్తున్నారు, ఎవరి నిద్రకు విలువ లేదు, ఎవరి కోపం ఎవరి చెంప మీద తీరుతోంది? సభల్లో లోకహితం మాట్లాడే మనిషి ఇంట్లో నౌకరును కొట్టడం కథకుడు కావాలనే పెట్టాడని మేము అనుకుంటున్నాం. సంస్కర్త డొల్లతనానికి అది ఒక గుర్తు. కానీ కథ చివరికి గోపాలరావు దిద్దుకున్నది భార్య విషయంలోనే. రాముడి విషయంలో దిద్దుబాటు ఏదీ జరగలేదు. చివర రాముడు తన ధోరణిలో సందేశం అప్పజెబుతూ, ఊళ్ళోకి వచ్చిన సాని సంగతి అమాయకంగా బయటపెట్టేస్తే, యజమాని మళ్ళీ కోపంతో లేస్తాడు. ‘ప్రియ’ను ‘పెయ్య’గా విన్న చెవి గుర్తుందా? యజమాని లోకంలో ప్రేమలేఖలున్నాయి. నౌకరు లోకంలో పశువులు, వాటిని కట్టేసే పని ఉన్నాయి. తప్పిపోతే వెతకవలసింది వాడే. ఆ హాస్యం ఎక్కడి నుంచి పుట్టిందో ఇప్పుడు కొంచెం తెలుస్తుంది.

రాముడు అమాయకుడేనా అన్నది మా మధ్య తెగని వాదం. అన్నీ తెలిసి, అమ్మగారి పక్షాన ఉండి, తెలియనట్టు నటించాడని కొందరి పట్టు. నటన అనుకుంటే కథలో సగం తెలివి వాడిదవుతుంది. ఏది ఎంచుకున్నా, కథలోని ఏ మాటను చూసి అంటున్నారో చూపించాలి అన్నదే మేము పెట్టుకున్న నియమం.

గోపాలరావు రాముడికి స్త్రీ విద్య మీద ఇచ్చే ఉపన్యాసం మరో ఆసక్తికరమైన చోటు. అర్ధరాత్రి, పెళ్ళాం పోయిందన్న దుఃఖంలో, నిద్రమత్తులో ఉన్న నౌకరుకు ఉపన్యాసం! ఆ ఉపన్యాసంలో శివుడు పార్వతికి సగం దేహం ఇవ్వడమూ ఉంది, ఇంగ్లీషువాడు భార్యను ‘బెటర్ హాఫ్’ అనడమూ ఉంది. వలసానంతర విమర్శకులు ఇలాంటి చోట్లనే వెతుకుతారు. ఇంగ్లీషు చదువు చదివిన తెలుగువాడు తన పురాణాన్నీ, దొరల నుడికారాన్నీ ఒకే ఊపిరిలో సాక్ష్యంగా తెస్తున్నాడు. ఒకటి రెండోదానికి బలం ఇస్తోందా? లేక దొర కూడా అన్నాడు కాబట్టి శివుడి మాటకు విలువ వచ్చిందా? ఎడ్వర్డ్ సయిద్ 1978లో రాసిన ‘ఓరియంటలిజం’ తరవాత ఈ రకం ప్రశ్నలు బాగా పెరిగాయి. అయితే ఆ పుస్తకం ముఖ్యంగా పశ్చిమం తూర్పును ఎలా చిత్రించిందో చెబుతుంది. గోపాలరావు సంగతి దానికి అవతలి ఒడ్డు. పాలితుడు పాలకుల మాటను తన ఇంటి పనికి ఎలా వాడుకున్నాడన్నది. సిద్ధాంతాన్ని ఉన్నది ఉన్నట్టుగా అంటిస్తే ఈ తేడా కనబడదు. మన కథకు తగ్గట్టు ప్రశ్నను మార్చుకోవాలి, దర్జీ బట్టను కత్తిరించినట్టు.

ఇన్ని పద్ధతులూ చూశాక కూడా ఒక మనిషి మిగిలిపోయింది. గోపాలరావు పాట వినడానికి పోయిన సాని. కథలో ఆమెకు పేరు లేదు, మాట లేదు. అతని తలపుల్లోనూ, రాముడి నోటిలోనూ మాత్రమే ఉంది. కథ నడవడానికి ఆమె కావాలి, కానీ కథలోకి రావడానికి వీల్లేదు. ఇది గురజాడకు తెలియని సంగతి కాదు. ఇదే రచయిత ‘కన్యాశుల్కం’లో మధురవాణిని సృష్టించాడు. ఆ నాటకం 1892లో విజయనగరంలో ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది, బాగా మార్చి రాసిన రెండో కూర్పు 1909లో వచ్చింది. అంటే ‘దిద్దుబాటు’కు ఒక్క ఏడాది ముందు. ఆ నాటకంలో మధురవాణి అందరికన్నా తెలివైనది. చివరి అంకంలో మగవేషంలో వెళ్ళి, వేశ్యలను చూడనని వ్రతం పట్టిన సౌజన్యారావు పంతులును ప్రశ్నలతో నిలబెడుతుంది. నాటకంలో అంత మాట్లాడిన మనిషి కథలో నోరు లేనిదెందుకైంది?

ఈ ప్రశ్నకు జవాబు కథలో దొరకదు, చరిత్రలోకి వెళ్ళాలి. పంతొమ్మిదో శతాబ్దపు చివరి దశకాల్లో మద్రాసు రాష్ట్రంలో సానుల నాట్యాన్ని మాన్పించే ఉద్యమం నడిచింది. తెలుగుదేశంలో కందుకూరి వీరేశలింగం దానికి ముందు నిలిచాడు. పెళ్ళిళ్ళలో, సభల్లో మేళాలు పెట్టడం మర్యాద కాదని చదువుకున్నవాళ్ళు అనడం మొదలుపెట్టారు. 1947లో దేవదాసీ అంకితాన్ని నిషేధిస్తూ మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. ఆ వ్యవస్థలో ఆడపిల్లల మీద జరిగిన దోపిడీ నిజం. దాన్ని ఆపాలన్నవాళ్ళలో ఆ కులాల నుంచి వచ్చిన స్త్రీలూ ఉన్నారు. అదే సమయంలో తరతరాలుగా సంగీతం, అభినయం, పదాలు కాపాడుకొచ్చిన కళావంతుల కుటుంబాలకు కళా పోయింది, కూడూ పోయింది, మర్యాదా రాలేదు. గోపాలరావు ఇల్లు బాగుపడిందని మనం సంతోషించే ఆ రాత్రి, ఊరి అవతలి వీధిలో పాట ఆపిన ఆవిడ ఏమైందన్నది కథ అడగదు. నవ చారిత్రక విమర్శ అనే పద్ధతి కథను ఆనాటి చట్టాలు, పత్రికలు, ఉపన్యాసాల పక్కన పెట్టి చదువుతుంది. అలా చదివితేనే ఈ మౌనం వినబడుతుంది. ఇది గురజాడను బోనెక్కించడం కాదు. ఒక కథకు హద్దు ఎక్కడుందో చూడడం. హద్దు తెలిస్తే కథ చిన్నదైపోదు.

సిద్ధాంతాల మీద ఒక ఫిర్యాదు తరచూ వింటుంటాం. విమర్శకులు ముందే జవాబు పెట్టుకుని కథలోకి వెళ్తారని, ఏ కథ ఇచ్చినా ఒకే తీర్పు తెస్తారని. ఈ ఫిర్యాదులో చాలా నిజం ఉంది. ‘ఈ కథలో పితృస్వామ్యం ప్రతిఫలిస్తోంది’ అనే వాక్యం ఏ కథ గురించైనా రాయవచ్చు, కథ చదవకుండా కూడా రాయవచ్చు. అందుకే మేము ఒక చిన్న పరీక్ష పెట్టుకుంటాం. రాసిన వ్యాసంలో కథ పేరు, పాత్రల పేర్లు కొట్టేసి, వేరే కథ పేర్లు రాసి చూడాలి. వ్యాసం ఇంకా సరిపోతోందంటే అందులో విమర్శ లేదు. ‘అయ్యా’ అన్న సంబోధన గురించి రాసిన వాక్యాన్ని మరో కథకు తగిలించలేం. అలాంటి వాక్యాలు పేజీకి రెండు ఉన్నా చాలు.

ఆచరణలో మేము చేసేది ఇంతే. మొదటిసారి ఏ ప్రశ్నా లేకుండా, వీలైతే పైకి చదువుతాం. నవ్వొచ్చిన చోట, ఇబ్బంది కలిగిన చోట, అర్థం కాని చోట పెన్సిలుతో గీత పెట్టుకుంటాం. రెండోసారి ఆ గీతల దగ్గర మాత్రమే ఆగి, అక్కడ ఏ ప్రశ్న పనికొస్తుందో చూస్తాం. ఎన్ని పద్ధతులు తెలిసినా ఒక వ్యాసంలో ఒకటి, మహా అయితే రెండు చాలు. ఈ వ్యాసంలో మేము అన్నీ వాడింది చూపించడం కోసమే, మీరు పరీక్షలో అలా రాయకండి.

‘దిద్దుబాటు’ చదివేసినవారు తరవాత ‘ధనత్రయోదశి’ని తీసుకోండి. అచ్చమాంబ కథల సంపుటాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. ఆ కథలో భార్య ఎవరితో, ఏ భాషలో మాట్లాడుతోందో, భర్తను ఆపడానికి ఏ వాదం ఎంచుకుందో గీత పెట్టుకుంటూ చదవండి. కమలిని ఉత్తరాన్ని పక్కన ఉంచుకోండి. ఒకరు మాటతో ఎదురుగా నిలబడ్డారు, ఇంకొకరు ఉత్తరం రాసి మంచం కింద దాక్కున్నారు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో మీకేమనిపించిందో రాసి, వచ్చే సంచిక కోసం తెలుగు విభాగానికి ఇవ్వండి.